సంస్కృతం నుంచి టిబెటన్‌కి: పాత అనువాదాలను ఎంతవరకు నమ్మి తెలుగు చేయాలి?

తాళపత్రం:

నాగార్జునుడి సుహృల్లేఖను (మిత్రుడికి పద్యాల్లో రాసిన ఉత్తరం) తెలుగులోకి తెచ్చే పని మొదలుపెట్టాను. సంస్కృత మూలం దొరకడం లేదు. చైనా భాషలో మూడు అనువాదాలు, టిబెటన్‌లో ఒకటి మిగిలాయి. నాకు చైనా భాష రాదు కాబట్టి టిబెటనే ఆధారం (భారతీయ శాస్త్రగ్రంథాల టిబెటన్ అనువాదాల సంపుటి తెంగ్యూర్, దాని దెర్గె ముద్రణ; తోహోకు సూచీలో సంఖ్య 4182). తెలిసినవాళ్లు ఈ మూడు సందేహాలు తీర్చాలి.

ఒకటి. ఒక్కో టిబెటన్ మాటకూ ఒక్కో సంస్కృత పదం కట్టుబడి ఉంటుందని అంటారు. అలాగైతే టిబెటన్ మాట చూసి, దాని వెనకున్న సంస్కృత పదాన్నే తత్సమంగా తెలుగులో పెట్టేయవచ్చా?

రెండు. పద్ధతి తెలియడం కోసం వజ్రచ్ఛేదిక అనే బౌద్ధ సూత్రం సంస్కృతాన్నీ టిబెటన్‌నూ పక్కపక్కన పెట్టి చదువుతున్నాను. మొదట్లోనే "అర్ధత్రయోదశభిః భిక్షుశతైః" అని ఉంది. పదమూడు వందల్లో సగమంటే 650 కదా? టిబెటన్‌లో 1250 అని ఉంది. అనువాదకులు తప్పారా?

మూడు. సంస్కృత శ్లోకపాదానికి ఎనిమిది అక్షరాలైతే టిబెటన్ పాదానికి ఏడే ఉన్నాయి. ఏం వదిలేశారు?

ఉపసర్గ:

రెండోది ముందు చెబుతాను, అందులోనే వాళ్ల పద్ధతి కనిపిస్తుంది. "అర్ధత్రయోదశ" అంటే పదమూడులో సగం కాదండి. పదమూడోది సగమే ఉన్నది, అంటే పన్నెండున్నర. పన్నెండున్నర వందలు 1250. అనువాదకులు తప్పలేదు. పైగా ఈ లెక్క ఎలా రాయాలో వాళ్లకు రాతపూర్వకంగా నియమం ఉంది: సంస్కృతం లెక్కపెట్టిన తీరులోనే తిప్పితే టిబెటన్‌లో చెవికి ఇంపుగా ఉండదు, కాబట్టి అర్థం చెడనప్పుడు టిబెటన్‌లో మామూలుగా చెప్పుకునే లెక్కలోనే "వెయ్యిన్ని రెండు వందల యాభై" అని రాయమని.

ఆ నియమాలున్న పుస్తకం పేరు డ్రజోర్ బంపో ఞీపా (తోహోకు 4347). 814లో రాజు త్రిదె సోంగ్‌చెన్ ఆజ్ఞ మీద తయారైంది. జినమిత్రుడు, సురేంద్రబోధి, శీలేంద్రబోధి, దానశీలుడు, బోధిమిత్రుడు అనే భారతీయ పండితులూ, యేషే దె వంటి టిబెటన్ అనువాదకులూ కలిసి కూర్చుని రాశారు. అంతకుముందు వచ్చిన అనువాదాల్లో ఒకే పదానికి ఒక్కొక్కరు ఒక్కో మాట వాడారు. కొన్ని మాటలు శాస్త్రానికీ వ్యాకరణానికీ పొసగలేదు. అందుకే పదాలు ఖాయం చేయాల్సి వచ్చింది. దీనికి తోడుగా మహావ్యుత్పత్తి (తోహోకు 4346) అనే పదకోశం ఉంది. సుమారు 9,500 పదాలు, అకారాది క్రమంలో కాకుండా విషయాల వారీగా ఉంటాయి: బుద్ధుడి పేర్లు ఒకచోట, మందులు ఒకచోట, వస్త్రాలు ఒకచోట. డ్రజోర్ అందులోంచి దాదాపు 400 కష్టమైన మాటలు తీసుకుని, ఏది ఎందుకు అలా తిప్పారో కారణం చెబుతుంది. మీ పనికి ఇది లేకుండా గడవదు.

కారణం చెప్పడమంటే ఎలాగో ఒకటి చూడండి. "అర్హత్" అనే పదానికి "పూజకు అర్హుడు" అని ఒక వ్యుత్పత్తి, "క్లేశాలనే అరులను హతం చేసినవాడు" అని ఇంకొకటి. డ్రజోర్ రెండూ చెప్పి, అర్థాన్ని బట్టి రెండోదాన్ని ఎంచుకుంది. అందుకే టిబెటన్‌లో డ్రచొంపా, "శత్రువును గెలిచినవాడు". భగవత్ అనే మాటకు చొమ్‌దెన్‌దే అన్నారు. చొమ్ అంటే మారులను (దారికి అడ్డుపడే దుష్టశక్తులను) జయించడం, దెన్ అంటే ఆరు గుణాలు కలిగి ఉండడం. చివరి "దే" సంస్కృతంలో లేనే లేదు. లోకంలో దేవతలను కూడా భగవాన్ అంటారు కాబట్టి, బుద్ధుడు లోకాన్ని దాటినవాడని వేరు చేయడానికి తామే కలిపారు. తెలుగులో భగవంతుడు అని రాస్తే సరిగ్గా వాళ్లు తప్పించుకోవాలనుకున్న గందరగోళంలోకే మళ్లీ పడతాం.

తథాగత శబ్దాన్ని తథా+గత అని విడదీసినా తథా+ఆగత అని విడదీసినా కుదురుతుంది. టిబెటన్‌లో వాడిన "షెక్" అనే క్రియ వెళ్లడానికీ రావడానికీ రెండిటికీ చెల్లే గౌరవవాచకం. మన పాత తెలుగులో "వేంచేయు" ఇలాంటిదే. సంధిలోని రెండర్థాలనూ ఒక్క క్రియలో నిలబెట్టిన ఈ ఎంపిక చూస్తే నాకు చాలా ముచ్చటేస్తుంది.

ఉపసర్గలకు కూడా కట్టుదిట్టమైన జోడీలున్నాయి. (టిబెటన్ మాటలను పలికే తీరులో రాస్తున్నాను, రాత వేరుగా ఉంటుంది.) పరి అంటే యోంగ్‌సు, ఉప అంటే ఞేవర్, వి అంటే నంపర్, ప్ర అంటే రప్తు, అభి అంటే ఙోన్‌పర్, అను అంటే జేసు. అర్థానికి ఏమీ కలపని ఉపసర్గను మాటకు మాట తిప్పాల్సిన పని లేదని కూడా డ్రజోరే చెబుతుంది. పద్యంలో చోటు చాలనప్పుడు ఞేవర్ ముడుచుకుని ఞేర్ అవుతుంది, నంపర్ ఉత్త నం అవుతుంది. పద్యం చదివేటప్పుడు ఈ ముడుపులను విప్పుకోవాలి.

వాక్యక్రమం మీద నియమం ఇది: సంస్కృతం వరుసలోనే సాఫీగా నడిస్తే అలాగే ఉంచాలి. మార్చితే తేలిగ్గా తెలుస్తుందనుకుంటే, పద్యమైతే ఆ పద్యం లోపలే మార్చుకోవాలి, వచనమైతే అర్థం పూర్తయ్యే చోటు వరకే. పూలు, చెట్లు, దేశాల పేర్ల విషయంలో, తిప్పితే అపార్థం కలిగేలా ఉంటే సంస్కృత పదాన్నే ఉంచి ముందు "పువ్వు", "దేశం" అని చేర్చాలి. కొత్త మాట కావాలంటే ఎవరికి వారు పుట్టించడానికి వీల్లేదు. కారణాలతో సహా రాజాస్థానంలోని సభకు నివేదించాలి, వాళ్లు ఒప్పుకుంటేనే పట్టికలోకి ఎక్కుతుంది.

కృష్ణఒడ్డు:

మూడో ప్రశ్నకు నాగార్జునుడిదే అయిన మూలమధ్యమకకారికలో మొదటి కారికనే తీసుకుందాం. రెండు భాషల్లోనూ మనకు దొరుకుతోంది కాబట్టి కొలిచి చూసుకోవచ్చు.

న స్వతో నాపి పరతో న ద్వాభ్యాం నాప్యహేతుతః ।
ఉత్పన్నా జాతు విద్యంతే భావాః క్వచన కేచన ॥

దక్ లే మ యిన్ షెన్ లే మిన్
ఞీ లే మ యిన్ గ్యు మే మిన్
ఙో పో గంగ్ దక్ గంగ్ న యంగ్
క్యే వా నమ్ యంగ్ యో మ యిన్

పైది 32 అక్షరాలు, కింద ఏడేసి చొప్పున 28. ఏం పోయిందో ఒక్కొక్కటే చూడండి. స్వతః, పరతః, ద్వాభ్యాం: మూడింటి పంచమికీ "లే" వచ్చింది. అహేతుతః దగ్గర "గ్యు మే" (హేతువు లేక) అని ఊరుకున్నారు, అక్కడ పంచమి పోయింది. రెండు "అపి"లూ పోయాయి. జాతు అన్నదానికి నమ్ యంగ్, క్వచన అన్నదానికి గంగ్ న యంగ్, కేచన అన్నదానికి గంగ్ దక్, భావాః అన్నదానికి ఙోపో, విద్యంతే అన్నదానికి యో. అన్నీ దక్కాయి. ఉత్పన్నాః అనే విశేషణం మాత్రం క్యేవా అనే నామమైంది. సంస్కృతంలో "పుట్టినవై ఉండవు" అని ఉంటే టిబెటన్‌లో "పుట్టుక ఉండదు" అని. నాలుగు "న"లూ సంస్కృతంలో చివరి విద్యంతే కోసం ఎదురుచూస్తుంటాయి. టిబెటన్ క్రియను చివరే పెట్టాలి కాబట్టి ప్రతి ముక్కకూ అక్కడికక్కడే "కాదు, కాదు" అని ముగించేసి, ఆఖర్న ఇంకోసారి "లేదు" అంది. అంటే వ్యతిరేకార్థం ఒకటి ఎక్కువైంది. తెలుగు చేసేటప్పుడు ఈ ఐదింటినీ లెక్కపెట్టి ఐదుసార్లు "కాదు" అనకూడదు.

అనుష్టుప్‌కు ఏడు మామూలు కొలత. పెద్ద వృత్తాలకు తొమ్మిది, పదకొండు, అంతకంటే ఎక్కువ కూడా వాడారు. బేసి సంఖ్యే ఎక్కువగా కనిపిస్తుంది. అక్షరం తగ్గినప్పుడు "ని" అనే చిన్న మాటతో నింపుతారు. ఇది సంస్కృతంలో "తు" కావచ్చు, పాదపూరణ కావచ్చు. అన్ని "ని"లకూ "అయితే" అని రాసుకుంటూ పోతే పద్యం పాడవుతుంది.

మనకు కలిసొచ్చేదీ ఒకటుంది. టిబెటన్ కూడా తెలుగులాగే కర్త, కర్మ, ఆఖర్న క్రియ. విశేషణవాక్యం నామానికి ముందే వస్తుంది. సంస్కృతంలోని "యః... తం" జోడీని మాత్రం వాళ్లు "గంగ్... దె" అని అచ్చంగా దించారు, అది టిబెటన్ సహజ నుడికారం కాదు. కారికల మంగళశ్లోకంలో "గంగ్ గి" అని మొదలై చివర "దె ల" అని ముగుస్తుంది. తెలుగులో "ఎవరైతే బోధించారో వారికి" అననక్కర్లేదు. "బోధించిన వానికి" అంటే చాలు.

పేర్ల దగ్గర మీకు తత్సమమే సరి. లుడ్రుప్ అంటే నాగార్జునుడు: లు అంటే నాగుడు, డ్రుప్ అంటే సాధించడం, "అర్జ్" ధాతువును బట్టి. పెల్‌గ్యి రి అని కనబడితే శ్రీపర్వతం. డ్రేపుంగ్ అంటే ధాన్యకటకం, మన ధరణికోట: డ్రే అంటే వరిధాన్యం, పుంగ్ అంటే కుప్ప. కాలచక్రతంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక స్తూపం దగ్గర బోధించాడని టిబెటన్ సంప్రదాయం. 1416లో లాసా దగ్గర కట్టిన పెద్ద విహారానికి ఆ పేరే పెట్టారు. 2006 జనవరిలో దలైలామా అమరావతిలో కాలచక్ర దీక్ష ఇచ్చింది కూడా అందుకే. పుస్తకంలో డ్రేపుంగ్ అని ఉంటే లాసా విహారమా, కృష్ణ ఒడ్డునున్న ఊరా అని కాలాన్ని బట్టి తేల్చుకోండి. భారతీయ గ్రంథానికి అనువాదమైతే మన ఊరే.

మొత్తం మీద ఇంత కట్టుదిట్టంగా చేశారు కాబట్టి మహావ్యుత్పత్తి చేతిలో ఉంటే టిబెటన్ నుంచి సంస్కృతాన్ని దాదాపు మాటకు మాట తిరిగి కట్టుకోవచ్చని నా అభిప్రాయం.

పంచస్కంధం:

కృష్ణఒడ్డు గారూ, కారిక మీద మీరు చెప్పినది చక్కగా ఉంది. ఆఖరి మాట దగ్గరే నేను ఒప్పుకోలేను. సంస్కృతం నుంచి టిబెటన్‌కి దారి ఇరుకు, తిరుగుదారి మాత్రం నాలుగైదుగా చీలుతుంది.

"ఞింగ్‌పో" అనే మాట తీసుకోండి. ప్రజ్ఞాపారమితాహృదయంలో హృదయానికి ఞింగ్‌పో. తథాగతగర్భంలో గర్భానికీ ఞింగ్‌పోయే. బోధిమండంలో మండానికీ అదే, సారానికీ అదే. టిబెటన్‌లో ఒంటరిగా ఞింగ్‌పో కనిపిస్తే వెనకున్నది ఏదని చెబుతారు? గర్భం అంటే లోపల పెరిగే శిశువు, సారం అంటే పిండగా మిగిలినది. ఈ రెండింటి మధ్య తేడా మీద పెద్ద సిద్ధాంత చర్చలే నడిచాయి.

మీరు చెప్పిన మంగళశ్లోకంలోనే "ప్రపంచోపశమం శివం" అన్నదానికి "ట్రోపా ఞేర్ షి, షి" అని ఉంది. ఉపశమానికీ షి, శివానికీ షి. సంస్కృతం పోయి ఉంటే రెండో షి దగ్గర శివం అని ఎవరు ఊహించేవారు? శాంతం అనే కట్టేవాళ్లం. అదే శ్లోకంలో అనుత్పాదంలోని ఉత్పాదానికి "క్యే" అన్నారు, ప్రతీత్యసముత్పాదంలోని ఉత్పాదానికి "జుంగ్" అన్నారు. ఒకే శ్లోకంలో ఒకే పదానికి రెండు మాటలు! నాగశబ్దం కూడా నాగార్జునుడిలో పాము, దిఙ్నాగుడిలో ఏనుగు (ఛోక్‌లంగ్). సత్త్వ అన్నది మామూలుగా సెమ్‌చెన్, బోధిసత్త్వలో మాత్రం సెంపా, "చిత్తవీరుడు". మాటను చూసి కాదు, అది నిలబడ్డ చోటును చూసి తిప్పారు. వాళ్ల గొప్పతనం అక్కడే ఉంది.

వ్యాకరణంలో పోయేవీ ఉన్నాయి. లింగం పూర్తిగా పోతుంది. ద్వివచనం ఒక్కోసారి "దక్" అవుతుంది, కానీ దక్ బహువచనానికి కూడా వస్తుంది. సమాసాల్లో షష్ఠి కనిపిస్తే అది అనువాదకుడి విగ్రహవాక్యమే, మూలంలో ఉన్నది కాదు. బహువ్రీహి అని తెలియజెప్పాలంటే చివర "చెన్" (కలిగిన) చేరుస్తారు. చెన్ కనబడితే అక్కడ అనువాదకుడు సమాసాన్ని తేల్చి చెప్పాడని అర్థం.

తాళపత్రం గారూ, ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. తత్సమం పెట్టేయవచ్చా అన్నారు. సంస్కృత పదం నూటికి నూరుపాళ్లు ఖాయమైన చోట కూడా ఒక్కోసారి పెట్టకూడదనే చెబుతాను. తెలుగు పాఠకుడికి ఆ పదం ముందే తెలిసి ఉంటుంది, వేరే అర్థంలో. ఇది టిబెటన్లకు లేని ఇబ్బంది, మనకు పెద్ద ఇబ్బంది.

పంచస్కంధాల్లో (మనిషిగా కూడిన ఐదు రాశులు: రూపం, వేదన, సంజ్ఞ, సంస్కారాలు, విజ్ఞానం) వేదన అంటే సుఖం, దుఃఖం, రెండూ కానిది, మూడూ కలిసిన అనుభవం. టిబెటన్ త్సోర్‌వా, ఉత్త "తెలియడం". తెలుగులో వేదన అంటే బాధే. "సుఖవేదన" అని రాస్తే చదివేవాడు ఆగిపోతాడు. సంజ్ఞ (దుషే) అంటే గుర్తుపట్టడం, మనకేమో సైగ. సంస్కారాలు (దుజే) అంటే పోగుచేసి రూపుదిద్దే శక్తులు, మనకు మంచి నడవడి. విజ్ఞానం (నంపర్ షేపా) అంటే విషయాన్ని ఎరిగే చిత్తం, మనకు సైన్సు. ఐదు స్కంధాల్లో నాలుగు ఇలా తప్పుదారి పట్టిస్తాయి. రూపం ఒక్కటే కాస్త నయం.

ఉపేక్ష (తంగ్‌ఞోమ్) సమభావం, మనకు నిర్లక్ష్యం. వాసన (బక్‌ఛక్) చిత్తంలో మిగిలిన ముద్ర, మనకు ముక్కుకు తగిలేది. ఆలయవిజ్ఞానం (కున్‌షి నంపర్ షేపా) అన్నిటికీ ఆధారంగా ఉన్న విజ్ఞానం. కున్ అంటే అన్నీ, షి అంటే ఆధారం (పైన చెప్పిన షి వేరు, రాతలో తేడా ఉంది). తెలుగులో ఆలయం చూడగానే గుడి గుర్తొస్తుంది. ప్రపంచం (ట్రోపా) అంటే మాటలతో, ఊహలతో అల్లుకుపోయే విస్తారం. "ప్రపంచోపశమం" అని తెలుగులో అలాగే ఉంచితే లోకం అంతమైపోవడం అనుకుంటారు.

కాబట్టి టిబెటన్ మాటను సంస్కృతానికి వంతెనగా మాత్రమే చూడకండి. అది వెయ్యేళ్ల కిందట కొందరు పండితులు ఆ పదాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చెప్పే చిన్న వ్యాఖ్య. త్సోర్‌వా చూసి "అనుభూతి" అనండి, ట్రోపా చూసి "ఊహల అల్లిక" లాంటిదేదో వెతకండి. సంస్కృత పదాన్ని మొదటిసారి వచ్చినప్పుడు పక్కన చూపించండి. ప్రజ్ఞ (షేరప్), జ్ఞానం (యేషే) రెండూ మాత్రం తత్సమంగానే ఉంచి, అంతటా వేర్వేరుగా పాటించండి. రెంటినీ "జ్ఞానం" చేస్తే సుహృల్లేఖలో పారమితల (బోధిసత్త్వుడు పూర్తిచేయాల్సిన గుణాల) పద్యమే దెబ్బతింటుంది.

కృష్ణఒడ్డు:

షి, ఞింగ్‌పో ఉదాహరణలు చూశాక నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. "మాటకు మాట" అనకూడదు. పారిభాషిక పదాలు చాలావరకు తిరిగి కట్టుకోవచ్చు, కావ్యపదాలు కుదరవు అంటే సరిపోతుందేమో.

పంచస్కంధం:

అవునండి. ఉపమానాలు, ప్రకృతి వర్ణనలు, పర్యాయపదాలు వచ్చే చోట అసలు ప్రయత్నించకూడదు. చంద్రుడికి సంస్కృతంలో ఎన్ని పేర్లు ఉన్నా టిబెటన్‌లో ఎక్కువగా "దావా" ఒక్కటే వస్తుంది. ఏ పేరు వాడాడో ఛందస్సే చెప్పాలి, ఆ ఛందస్సే మన దగ్గర లేదు.

తాళపత్రం:

650 విషయంలో నా తప్పు తెలిసింది, ధన్యవాదాలు. వేదన, వాసన ఇప్పటికే తత్సమాలుగా పెట్టేశాను, మారుస్తాను. ఇక పాఠం సంగతి. నా దగ్గర దెర్గె ఒక్కటే ఉంది. అది చాలా? ఎక్కడెక్కడ తప్పులు వస్తాయి?

ఉపసర్గ:

ఒక్కటే చాలదు. దెర్గె తెంగ్యూర్, చోనె తెంగ్యూర్ ఒక కుటుంబం. పెకింగ్, నార్థంగ్ ఇంకో కుటుంబం. దెర్గెకు చోనె తోడు పెట్టుకుంటే ఒకే తప్పు రెండుసార్లు కనిపించవచ్చు. ఒక్కో కుటుంబం నుంచి ఒక్కటి కావాలి, అంటే దెర్గెతో పెకింగ్. పాఠభేదాలన్నీ కింద చూపించే పేదుర్‌మా ముద్రణ దొరికితే ఇంకా మంచిది.

ముందు చివరి పుష్పిక చదవండి, మన కావ్యాల్లో ఆశ్వాసాంత గద్య లాంటిది. సుహృల్లేఖకు సర్వజ్ఞదేవుడు అనే భారతీయ పండితుడు, కవా పెల్‌చెక్ అనే టిబెటన్ అనువాదకుడు. పెల్‌చెక్ తొలికాలపు పెద్ద అనువాదకుల్లో ఒకడు కాబట్టి డ్రజోర్, మహావ్యుత్పత్తి మీకు నేరుగా పనికొస్తాయి. పదకొండో శతాబ్దం తరవాతి అనువాదమైతే కొన్ని మాటలు మారి ఉంటాయి. పుష్పికల్లో "తిప్పి, సరిచూసి, ఖాయం చేశారు" అని మూడు క్రియలు వస్తాయి, అవి మూడు వేర్వేరు పనులు. సరిచూసే పెద్ద అనువాదకుణ్ణి షుఛెన్ అంటారు. "కొత్తగా ఖాయం చేసిన భాషతో సవరించి" అని కూడా ఉంటే, అంతకంటే పాత అనువాదం ఒకటి ఉండేదని అర్థం. తరవాత కూడా సవరణలు జరిగేవి. మూలమధ్యమకకారికలనే చూడండి. మొదట జ్ఞానగర్భుడు, చోక్రొ లుయి గ్యల్‌చెన్ కలిసి తిప్పారు. తరవాత పచప్ ఞిమా డ్రక్ కాశ్మీరంలో ఒకసారి, లాసాలో మరోసారి సవరించాడు. ముద్రణలో మనం చదివేది ఆ సవరించిన పాఠం.

మొదటి పంక్తులు కూడా పనికొస్తాయి. "భారతభాషలో" అని సంస్కృతం పేరు, "టిబెటన్ భాషలో" అని తిప్పిన పేరు ఇస్తారు. సంస్కృతం పేరు రాయసకాళ్ల చేతిలో చాలా చెడుతుంది, దాన్ని పట్టుకుని మూలం పేరు తేల్చకండి. ఆ తరవాత వచ్చే నమస్కారం అనువాదకుడిది, గ్రంథకర్తది కాదు. సూత్రాలకు బుద్ధబోధిసత్త్వులకు, వినయానికి సర్వజ్ఞుడికి, అభిధర్మానికి మంజుశ్రీకి నమస్కరించడం ఆనవాయితీ. దాన్ని నాగార్జునుడి మొదటి పద్యంగా లెక్కపెడితే పద్యసంఖ్యలన్నీ తప్పుతాయి.

చెక్క అచ్చుల్లో వచ్చే తప్పులు కొన్ని స్థిరంగా ఉంటాయి. ప, బ అక్షరాలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. పై గీత ఒక్కటి అరిగితే బ ప అవుతుంది. ద, ఙ కూడా అంతే. రాత వేరై పలుకు ఒకటైన మాటలు ఇంకా ప్రమాదం: "నిత్యం" అన్న మాటా, "చిహ్నం" అన్న మాటా, "పరీక్షించు" అన్న క్రియా మూడూ "తక్" అనే వినిపిస్తాయి. చదివి వినిపిస్తే రాసుకున్న చోట ఇవి తారుమారవుతాయి. అర్థం అతకని చోట ముందు ఈ మూడు జతలనూ మార్చి చూడండి, ఆ తరవాతే అనువాదకుణ్ణి అనుమానించండి.

సుహృల్లేఖకు మహామతి రాసిన టీక టిబెటన్‌లో ఉంది. మూలపద్యంలోని మాటలను ఎత్తుకుని వివరిస్తుంది. పద్యంలో ముడుచుకుపోయిన ఉపసర్గలు, విభక్తులు అక్కడ వచనంలో విప్పుకుని కనిపిస్తాయి. ఒక్కో పద్యానికి మూడు వరుసల కాగితం పెట్టుకోండి: టిబెటన్ పద్యం, దాని కింద టీకలో విప్పిన మాటలు, ఆ కింద ఖాయమని తేలిన సంస్కృత పదాలు మాత్రమే. తేలని చోట గళ్లు ఖాళీగా ఉంచేయండి. తెలుగు పద్యమో వచనమో రెండో వరుస చూసి రాయండి, మూడో వరుస చూసి కాదు.